యంత్రంలో కావలి

కోతలు ముగిసి ధాన్యం కళ్ళాలు దాటే రోజులలో మా పిఠాపురం ప్రాంతపు రైతుకు మబ్బుకంటె ఎక్కువ దిగులు కలిగించేది కాటా. పూర్వం త్రాసు ఉండేది. ముల్లు ఎటు మొగ్గినదో ఎవరి కంటితో వారు చూచుకొనేవారు. ఇప్పుడు బండి ఇనుపపలకపైకి ఎక్కగానే గదిలోని పెట్టెమీద ఎర్రని అంకెలు వెలుగుతాయి, వెనువెంటనే ఒక చీటీ ఊడిపడుతుంది. ఆ అంకెలను పలికించేది ఒక చిన్న కంప్యూటరు. దానికి బుద్ధి చెప్పినది ఎవరో, ఎక్కడనో కూర్చుండి వ్రాసిన ప్రోగ్రాము.

ఒక సంగతిని ఊహించుకొందాము. ధాన్యంతో నిండిన బండి 9,800 కిలోలు తూగినది. పెట్టెమీద కూడ 9,800 అనియే వెలిగినది. గుమాస్తా రైతు పేరును ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి చీటీ తీసినాడు. చీటీమీద మాత్రం 9,728 అని పడినది. 72 కిలోలు తరుగు! మా వైపు ధాన్యపు బస్తా 75 కిలోలు కాబట్టి, ఇంచుమించు ఒక బస్తా గాలిలో కలిసిపోయినదన్నమాట. వెనుక బండి అప్పారావుది, దాని వెనుకది సుబ్బారావుది. వారి చీటీలలో చిన్నమెత్తు తేడా లేదు. బండిని మరల ఎక్కించి తూచినారు. మరల అదే తరుగు, అది కూడ వెంకటసత్యనారాయణ గారికి మాత్రమే.

రైతు కాటా యజమానిని దొంగ అంటాడు. యజమాని పాదగయలో కుక్కుటేశ్వరుని యెదుట ప్రమాణం చేస్తానంటాడు. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. కంప్యూటరు మెమరీలో 9,800 సరిగానే నమోదయినది. చీటీ అచ్చయ్యే లోపల ఎవరో ఆ అంకెను దిద్దినారు. ఆ దిద్దినవారు మనిషి కాదు, ఆ ప్రోగ్రాములోనే ఉన్న ఒకానొక ఆజ్ఞ. వేలకొలది ఆజ్ఞలలో ఏది? ఏ క్షణంలో?

కరణాల కాలంలో అడంగలు లెక్కలో ఒక అంకె మారినదంటే ఎవరి చేతిలోని కలం మారినదో విచారించేవారు. ఆ విచారణకు రెండు మార్గాలున్నవి. అనుమానమున్న ప్రతి గుమాస్తా వెంట ఒక మనిషిని నడిపించడం ఒకటి. గుమాస్తాలను వారి మానాన వదలివేసి, ఆ పద్దు ఉన్న పుట దగ్గరనే ఒక కావలివానిని కూర్చుండబెట్టడం రెండవది. కంప్యూటరు పరిభాషలో మొదటిదానిని బ్రేక్‌పాయింటు అంటారు, అనగా ఫలానా ఆజ్ఞ దగ్గరకు రాగానే ఆగుము అని చెప్పడం. రెండవది వాచ్‌పాయింటు, అనగా ఫలానా గడిని ఎవరు తాకినా ఆగుము అని చెప్పడం. సూర్యరాయాంధ్ర నిఘంటువు మా పిఠాపురం మహారాజావారి పోషణలో వెలువడినదే అయినా, ఈ మాటల కోసం దానిని తిరగవేసి లాభం లేదు. అందుచేత ఆపుదల, కావలి అనే పాత మాటలతోనే ఈ ప్రసంగం సాగిస్తాను. ఈ రెంటి చరిత్ర కంప్యూటరంత పాతది. అందులో రెండవదానికి పట్టిన కాలం మొదటిదానికంటె చాల ఎక్కువ.

ముందుగా లోపాన్ని పురుగు అనడం ఎట్లు వచ్చినదో చూతాము. ఈ వాడుక కంప్యూటర్లకంటె పాతది. ఎడిసన్ 1878 నాటికే తన పరికరాలలోని చిన్న చిన్న తప్పులను అట్లు పిలిచినాడు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్-2 యంత్రంలో ఒక రిలే నడుమ నిజంగానే ఒక చిమ్మట దొరికినది. అక్కడివారు దానిని దినచర్య పుస్తకంలో అంటించి, మొదటిసారి అసలైన పురుగు దొరికినదని పరిహాసంగా వ్రాసుకొన్నారు. అది పరిహాసమయినదంటేనే, మాట అప్పటికే వాడుకలో ఉన్నదన్నమాట. ఈ చిమ్మటనుండియే మాట పుట్టినదని చాలమంది చెబుతారు గాని అది సరికాదు.

ఆపుదల పుట్టుక మరింత రమ్యంగా ఉంటుంది. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపినారు. మన ఇండ్లలోని పాత రేడియోలకు అయిదారు వాల్వులుండేవి. దానికి సుమారు 18,000 వాల్వులు. ఆ యంత్రంలో ప్రోగ్రామును వ్రాసేవారు కారు, తీగలతో కట్టేవారు. ఒక భాగంనుండి మరియొక భాగానికి తీగ తగిలిస్తే, మొదటి పని ముగిసినదనే విద్యుత్సంకేతం ఆ తీగవెంట పోయి రెండవ పనిని మొదలుపెట్టేది. ఈ కట్టుబడి పని చేసిన మహిళలలో బెట్టీ స్నైడర్ ఒకరు. హోల్బర్టన్ అనే ఇంటిపేరుతో తరువాత ప్రసిద్ధురాలయినది. లెక్క సగంలో ఎట్లున్నదో చూడవలెనంటే ఆమె ఒక తీగను ఊడబెరికేది. సంకేతం అక్కడ తెగిపోయేది, యంత్రం ఆగిపోయేది. తెగిన చోటు కాబట్టి దానికి బ్రేక్‌పాయింటు అని పేరు వచ్చినది. నేడు లోకమంతట ఈ మాటను వాడేవారిలో ఎందరికి ఆ ఊడిన తీగ తెలుసునో!

అయితే తీగల కాలం త్వరగానే గడిచిపోయినది. 1949 మే 6న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే యంత్రం పనిచేయ నారంభించినది. ఇందులో ఆజ్ఞలు కూడ అంకెలుగా మారి మెమరీలోనే ఉంటాయి. మెమరీ అంటే వరుసగా సంఖ్యలు వేసిన గళ్ళు. ఒక గడిలో బరువు, పక్కగడిలో ఒక ఆజ్ఞ. చూపునకు రెండూ అంకెలే. కొత్త లెక్క కావలెనంటే కొత్త అంకెలు నింపితే చాలును, తీగలతో పనిలేదు. ఊడబెరకడానికి కూడ తీగ లేదు!

ఆ యంత్ర నిర్మాతయైన మారిస్ విల్క్స్ ఆ వేసవిలో ఒక లెక్కకు 126 ఆజ్ఞల ప్రోగ్రాము వ్రాసినాడు. అందులో సుమారు ఇరవై తప్పులు దొర్లినవి. తన శేషజీవితంలో చాలభాగం తన తప్పులను తానే వెదకుకొనడంలో గడువనున్నదని మెట్లు ఎక్కుచుండగా తనకు స్ఫురించినట్లు ఆయన తరువాత తన జ్ఞాపకాలలో చెప్పుకొన్నాడు. అంతటివానికే అట్లు కాగా, మన కాటా ప్రోగ్రాము వ్రాసినవానిని మరీ నిందించవలసిన పనిలేదు.

ఎడ్సాక్ దగ్గర ఆరంభంలో ఉన్న సాధనం శవపరీక్ష. పేరు కూడ అదే పెట్టినారు. యంత్రం ఆగిపోయిన తరువాత మెమరీలోని గళ్ళను అచ్చువేసి చూచుకొనేవారు. దానివలన ఫలితం తెలుస్తుంది గాని కారణం తెలియదు. మన చీటీ మీది 9,728 వంటిదే అది. విల్క్స్ సహచరుడు స్టాన్లీ గిల్ ఒక అడుగు ముందుకు వేసి, 1951లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినాడు. ప్రోగ్రామును తనంత తాను పరుగెత్తనీయక, మరియొక ప్రోగ్రాము దాని ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తీసికొని, నెరవేర్చి, ఏమి చేసినదో ఒక అక్షరంగా అచ్చువేయాలి. పిల్లవాని వేలు పట్టుకొని నడిపించినట్లన్నమాట. ఎడ్సాక్ సెకనుకు సుమారు 650 ఆజ్ఞలు నెరవేర్చేది. దాని అచ్చుయంత్రం సెకనుకు ఆరేడు అక్షరాలకంటె కొట్టలేదు. కాబట్టి ఈ తోడునడకతో యంత్రం నూరురెట్లు నెమ్మదించేది. సాఫ్టువేరుతో పెట్టిన కావలికి ఆనాడు చెల్లించిన సుంకం అది. ఈ సుంకం సంగతి మరల వస్తుంది.

తరువాతి అడుగు అమెరికాలోని ఎం.ఐ.టి.లో పడినది. 1958 తరువాత అక్కడికి చేరిన టి.ఎక్స్.-0 అనే యంత్రానికి జాక్ డెన్నిస్, థామస్ స్టాక్‌హాం అనేవారు తప్పులు వెదకే ప్రోగ్రాము నొకదానిని వ్రాసి, దానికి ఫ్లిట్ అని పేరు పెట్టినారు. ఆ పేరు చెప్పగానే మన పెద్దలకు దోమలమీద మందు చిమ్మే రేకు పంపు గుర్తుకు రాక తప్పదు. 1961లో పి.డి.పి.-1 అనే యంత్రానికి వచ్చిన తరువాతి ప్రోగ్రాము పేరు డి.డి.టి.! ఇక్కడ 1953లో మొదలయిన జాతీయ మలేరియా నివారణ పథకం క్రింద మనుషులు భుజాన డబ్బాలు తగిలించుకొని మన గోడలకు తెల్లగా చల్లిన ఆ డి.డి.టి. పేరే. పురుగును చంపే మందు కదా అని వారి చమత్కారం.

ఈ ప్రోగ్రాములను డీబగ్గర్లు అంటారు. ఊడబెరికే తీగ లేనిచోట ఆపుదలను ఇవి ఎట్లు సాధించినవి? ఉపాయం చాల సులభం. ఎక్కడ ఆగవలెనో ఆ గడిలోని ఆజ్ఞను తీసి భద్రంగా దాచిపెట్టి, దాని స్థానంలో డీబగ్గరును పిలువుమనే ఆజ్ఞను వ్రాస్తారు. యంత్రం అక్కడికి రాగానే డీబగ్గరు మేలుకొంటుంది. చూడవలసినది చూచి, పాత ఆజ్ఞను తిరిగి దాని చోట ఉంచి పంపివేస్తుంది. 1978లో వచ్చిన ఇంటెల్ 8086లో దీనికొరకే ఒక ప్రత్యేకమైన ఆజ్ఞ ఉన్నది. అది ఒక్క గడిలో ఇమిడే చిన్న ఆజ్ఞ, దాని సంఖ్య 204. అంత చిన్నదిగా చేయడంలో అర్థమున్నది. ఆ యంత్రంలో అతి చిన్న ఆజ్ఞ ఒక గడి పట్టును. ఆపుదల ఆజ్ఞ అంతకంటె పెద్దదయితే పక్క ఆజ్ఞను కూడ చెరిపివేస్తుంది.

ఈ పద్ధతి నేటికీ నడుస్తున్నది. నూటికి తొంభై పర్యాయాలు దీనితోనే పని గడుస్తుంది. కాని దీనిలో రెండు చిక్కులున్నవి. విచారణ కొరకు మనము చూస్తున్న వస్తువునే మార్చవలసివస్తున్నది. ఆజ్ఞలు మార్చ వీలులేని మెమరీలో ఉన్నప్పుడు ఈ మార్పు సాధ్యమే కాదు. మన ఇంజనీరింగు కళాశాలలలో తరతరాల విద్యార్థులు 8085 కిట్టుతో అభ్యాసం చేసినారు. ఆ కిట్టులో తాము వ్రాసిన ప్రోగ్రాములో ఎక్కడయినా ఆపుదల పెట్టుకొనవచ్చును గాని, చెక్కిన శిలాశాసనం వలె చిప్పులో నిలిచిపోయిన మానిటరు ప్రోగ్రాములో పెట్టలేరు. కాటాపెట్టెలోని ప్రోగ్రాము కూడ ఇట్టి మెమరీలోనే ఉంటుంది.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. ఆజ్ఞ దగ్గర ఆగడం ఈ పద్ధతితో వచ్చును. గడి దగ్గర ఆగడం రాదు. ఏ ఆజ్ఞమీద అనుమానమున్నదో తెలిస్తేనే అక్కడ ఆపుదల పెట్టగలము. తెలియకనే కదా వెదకుతున్నాము! బరువును నమోదు చేసే ఆజ్ఞలన్నిటి దగ్గర ఆపుదలలు పెట్టినా, దొంగ వాటిలో లేకపోవచ్చును. ఇక మిగిలినది గిల్ చూపిన దారి. ఒక్కొక్క ఆజ్ఞ నెరవేరినప్పుడెల్ల ఆగి, ఆ గడిని తొంగిచూచి, మారినదా లేదా అని అడిగి ముందుకు సాగడం. 1986లో రిచర్డ్ స్టాల్మన్ వ్రాసిన జి.డి.బి. అనే ప్రసిద్ధ డీబగ్గరు, వేరే ఆధారం లేనప్పుడు నేటికీ ఈ పనియే చేస్తుంది. ప్రోగ్రాము వందలరెట్లు నెమ్మదిస్తుంది. సుంకం ఏమాత్రమూ తగ్గలేదు.

నెమ్మది ఒక్కటే అయితే ఓర్చుకొనవచ్చును. రేడియో బాగుచేసేవారిని అడిగి చూడండి. నాసిరకపు మీటరును వాల్వు గ్రిడ్డు దగ్గర ఆనిస్తే మీటరే కొంత కరెంటు త్రాగివేస్తుంది. అప్పుడది చూపే వోల్టేజి ఆ సర్క్యూటుది కాదు, మీటరు తగిలిన సర్క్యూటుది. కంప్యూటరులోనూ అంతే. దొంగను పట్టడానికి ప్రోగ్రాము నడుమ రెండు అచ్చు ఆజ్ఞలు చేర్చినామనుకోండి. వాటికి కావలసిన గళ్ళు మెమరీలో మధ్యకు వచ్చి కూర్చుంటాయి, అన్నీ తలా కొంచెం జరుగుతాయి. పూర్వం బరువుమీద పడిన వేటు ఇప్పుడు ఏ ఖాళీ గడిమీదనో పడుతుంది. చీటీలో 9,800 చక్కగా అచ్చవుతుంది. తప్పు పోయినదని సంతోషించి ఆ రెండు ఆజ్ఞలు తీసివేయగానే మరల 9,728!

కాబట్టి కావలివాడు ప్రోగ్రాములోని వాడు కాగూడదు. యంత్రపు ఇనుములోనే, అనగా హార్డువేరులోనే ఉండవలెను. కాలువ లాకు దగ్గర లస్కరు నీటిలో దిగడు, నీటికి అడ్డుపడడు. గట్టుమీద నిలుచుండి మట్టం చూస్తాడు. అట్టివాడు కావలెను.

మెమరీలోని ఏ గడిని చదువవలెనన్నా, వ్రాయవలెనన్నా యంత్రం ముందుగా ఆ గడి సంఖ్యను తీగలమీద పంపవలెను. ఆ తీగల పక్కనే, మనకు కావలసిన సంఖ్యను పట్టుకొని కూర్చున్న ఒక చిన్న సర్క్యూటు ఉన్నదనుకోండి. వచ్చే ప్రతి సంఖ్యనూ తన సంఖ్యతో సరిపోల్చడమే దాని పని. పోలిక కుదిరితే గంట కొడుతుంది. యంత్రం తన పని తాను చేసికొంటుండగానే పోలిక జరిగిపోతుంది కనుక ఒక్క క్షణం కూడ ఆలస్యం కాదు. 1964లో ప్రకటించిన ఐ.బి.ఎం. సిస్టం/360 యంత్రాల ముఖపలకమీద ఇట్టి ఏర్పాటు ఉండేది. ఇంజనీరు మీటలు త్రిప్పి గడి సంఖ్య పెట్టి, పోలిక కుదిరితే ఆగుమని మరియొక మీట వేసేవాడు. ఆగేది మాత్రం యంత్రమంతా. గంటల లెక్కన అద్దె చెల్లించే యంత్రాన్ని ఒకరి తప్పు కొరకు ఆపితే, పది కార్యాలయాల జీతాల పట్టీలు ఆగిపోతాయి. 1970లో ప్రకటించిన సిస్టం/370 శ్రేణిలో ఈ ఇబ్బంది తీరినది. ఫలానా గడినుండి ఫలానా గడివరకు ఎవరు వ్రాసినా తెలుపుమని ప్రోగ్రామే కోరవచ్చును. అప్పుడు ఆ ప్రోగ్రాము ఒక్కటే నిలుస్తుంది, మిగిలినవి సాగిపోతాయి. కావలి ముఖపలకమీదినుండి లోపలికి దిగినది.

ఆ సంవత్సరాలలోనే మన దేశంలో కంప్యూటర్ల తయారీ మొదలయినది. అందులో మన గోదావరి సీమవారి పేరు ముందుగా చెప్పుకొనవలెను. భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారు కాశీ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డులోను చదివి, ట్రాంబే అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్సు విభాగాన్ని తీర్చిదిద్దినారు. 1956లో పనిచేయ నారంభించిన అప్సర అణు రియాక్టరు నియంత్రణ పరికరాలు ఆయన బృందం చేసినవే. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమయినపుడు దాని సారథ్యం ఆయనదే. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అనే కంప్యూటరు 1969లో వచ్చినది. 1970ల మధ్యకు టి.డి.సి.-312, టి.డి.సి.-316 అనేవి ఇ.సి.ఐ.ఎల్.నుండి వెలువడినవి. ఆ తరం చిన్న యంత్రాలకు ముఖపలకమీద వరుసగా మీటలు, దీపాలు ఉండేవి. గడి సంఖ్యను మీటలతో పెట్టి, అందులోని అంకెను దీపాలలో చదువుకొని, ఒక్కొక్క ఆజ్ఞను నడిపించి చూచేవారు. కావలి కాచేది కన్నులున్న మనిషే. ఒకసారి దీపాల వెలుగులో చదువనేర్చినవాడు యంత్రపు లోపలి సంగతిని ఎన్నడూ మరువడని నా అభిప్రాయం. నేటి యువకులకు ఆ భాగ్యం లేదు.

ఎందుకనగా, పలక పోయినది. యంత్రమంతా గోరంత చిప్పులో ఇమిడిపోయినది. మొదట్లో చిప్పు కాళ్ళకు పరికరాలు తగిలించి, బయటినుండి గడి సంఖ్యలను గమనించగలిగినారు. కాని చిప్పులు పెరిగినకొద్ది బయట కనబడేది తగ్గిపోయినది. ప్రోగ్రాము చెప్పే గడి సంఖ్య ఒకటి, దానిని లోపల మార్చి బయటి మెమరీకి పంపే సంఖ్య మరియొకటి. తరచుగా వాడే గళ్ళ నకళ్ళు చిప్పులోనే ఉండిపోతే బయటి తీగలకు ఆ ఊసే తెలియదు. గట్టుమీది లస్కరుకు కాలువ కనబడకుండా పైన కప్పు వేసినట్లయినది. ఇక కావలివానిని చిప్పులోపలనే పెట్టక తప్పలేదు.

ఆ పని 1985 అక్టోబరులో ప్రకటించిన ఇంటెల్ 80386లో జరిగినది. కంప్యూటరు ఇంటింటి వస్తువు కావడానికి దారితీసిన చిప్పులలో ఇది ముఖ్యమైనది. ఇందులో డీబగ్ రిజిస్టర్లు అనేవి ఎనిమిది సంఖ్యలతో ఉన్నవి. సున్న మొదలు మూడువరకు ఉన్న నాలుగింటిలో కాపలా కాయవలసిన నాలుగు గడి సంఖ్యలు వ్రాసుకొనవచ్చును. నాలుగు, అయిదు సంఖ్యలు వాడుకకు ఇవ్వలేదు. ఆరవది ఏ కావలివాడు గంట కొట్టినాడో చెబుతుంది. ఏడవదానిలో ఉత్తర్వు ఉంటుంది: ఆ గడిలోని ఆజ్ఞ నెరవేర్చబోతే ఆగవలెనా, ఆ గడిలో వ్రాస్తేనే ఆగవలెనా, చదివినా సరే ఆగవలెనా, కాయవలసినది ఒక గడియా, రెండా, నాలుగా. ఒక్క సున్నితమైన భేదమున్నది. ఆజ్ఞమీది కావలి, పని జరుగక ముందే పట్టుకొంటుంది. గడిమీది కావలి, వ్రాత జరిగిపోయిన తరువాతనే చెబుతుంది. అనగా దొంగతనం ఆగదు, దొంగ మాత్రం గుమ్మంలోనే దొరుకుతాడు.

కాటాపెట్టెలలో వాడే చిన్న చిప్పులకు కూడ ఈ వసతి వచ్చినది. 2004లో వచ్చిన ఏ.ఆర్.ఎం. వారి కార్టెక్స్-ఎం3 అనే నమూనాలో ఆజ్ఞలకు ఆరు, గళ్ళకు నాలుగువరకు ఇట్టి సరిపోల్చే సర్క్యూటులున్నవి. శిలాశాసనం వంటి మెమరీలో సైతం అక్షరం మార్చకుండ ఆపవచ్చును.

ఇప్పుడు మన కాటా దగ్గరకు వెళదాము. బరువు నమోదయే గడిమీద కావలి పెట్టి, ఎవరు వ్రాసినా ఆగుమని ఆనతి ఇచ్చి, బండి ఎక్కించినాము. మొదటి గంట మ్రోగినది. వచ్చినది తూకపు ఆజ్ఞ, 9,800 వ్రాసినది. అది దాని ధర్మం, పోనిచ్చినాము. గుమాస్తా పేరు కొట్టినాడు. రెండవ గంట! తూకంతో ఏ సంబంధమూ లేని ఒక ఆజ్ఞ, రైతు పేరును నకలు చేసే ఆజ్ఞ, అక్కడ నిలుచున్నది. దాని చేతిలో ఒక సున్న ఉన్నది.

సంగతి ఇది. ప్రోగ్రాము వ్రాసినవాడు పేరుకు ఇరవై గళ్ళు కేటాయించినాడు. పేరు ముగిసినదని తెలియడానికి చివర ఒక సున్న వేయడం ఆ భాషలో ఆచారం. ఆ సున్నకు ఇరవైయొకటవ గడి కావలెనన్న మాట అతడు మరచినాడు. అప్పారావుకు, సుబ్బారావుకు చోటు మిగిలినది. వెంకటసత్యనారాయణ అనే పేరును ఇంగ్లీషులో వ్రాస్తే సరిగా ఇరవై అక్షరాలు. లెక్కించి చూచుకొనండి. సున్న పక్కగడిలో పడినది. ఆ పక్కగడి బరువుది. 9,800ను యంత్రం 256ల గుంపులుగా విభజించి, చిల్లరను ముందు గడిలోను, గుంపులను తరువాతి గడిలోను ఉంచుతుంది. గుంపులు 38, చిల్లర 72. సున్న పడినది చిల్లరమీద. మిగిలినది 38 గుంపులు, అనగా 9,728. ఒక్క బస్తా చిల్లర క్రింద పోయినది. మన గోదావరి జిల్లాలలో ఇంత పొడుగు పేర్లు ఎన్నియో! వారందరికీ తరుగే. గుంపులు తెగి చిల్లర మిగలని బరువు ఏదయినా అదృష్టవశాత్తు తూగితే తప్ప.

గమనించవలసిన సంగతి ఒకటున్నది. కావలి ఎవరినీ దొంగ అనలేదు. మొదట వచ్చిన ఆజ్ఞకూ గంట కొట్టినది, రెండవదానికీ కొట్టినది. ఎవరు న్యాయంగా వచ్చినారో, ఎవరు అన్యాయంగా వచ్చినారో తేల్చినవాడు మనిషి.

ఇంతటి మేలయిన కావలివారు నలుగురే ఎందుకున్నారని మీరు అడుగవచ్చును. ప్రతి పోలికకూ చిప్పులో స్థలం కావలెను, అది ప్రతి రాకపోకనూ తనిఖీ చేయవలెను. చిప్పు తయారుచేసేవారికి అది వేగం కొనుక్కొనే స్థలం. ఐ.బి.ఎం. వారి పవర్ చిప్పులలోనయితే గళ్ళకు కావలి చిరకాలం ఒక్కటే. రెండవది 2021లో వచ్చిన పవర్-10తో దక్కినది. నలుగురున్నచోట అయిదుగురు అడిగితే ఏమి చేయవలెనన్నది ఏలేరు చివరి భూముల రైతుకు వేరే చెప్పనక్కరలేని ప్రశ్న. నీరు చాలనపుడు వంతులు వేయవలెను, లేకుంటే పైవాడు తూము తెరచుకొంటాడు.

లినక్స్ అనే ఆపరేటింగు సిస్టంలో చాలకాలం వంతులు లేవు. మామూలు ప్రోగ్రాముల కొరకు జి.డి.బి. ఆ రిజిస్టర్లను వాడుకొనేది. సిస్టం గర్భాన్నే పరీక్షించే డీబగ్గర్లు కూడ వాటినే వాడుకొనేవి. వెనుక వచ్చినవాడు ముందువాని సంఖ్య చెరిపి తన సంఖ్య వ్రాసుకొంటే ముందువానికి తెలిసే దారి లేదు. కావలివానినే ఎవరో తప్పించివేసినారన్నమాట! 2007లో అలన్ స్టెర్న్ ఈ తగవు తీర్చడానికి ఒక పద్ధతి రచించినాడు. ఐ.బి.ఎం.లో పనిచేసిన కె. ప్రసాద్ దానిని 2009లో ముందుకు నడిపినారు. ఫ్రెడరిక్ వైస్‌బెకర్ దానిని మరల మలచినాడు. ముగ్గురి పేర్లూ ఆ ఫైలులో నిలిచి ఉన్నవి. 2010 ఫిబ్రవరిలో వెలువడిన 2.6.33 సంచికతో అది లినక్స్‌లో చేరినది. ఇప్పుడు కావలి కావలసినవారు ముందుగా అర్జీ పెట్టుకొనవలెను. ఎవరికి ఎన్ని ఇచ్చినారో లెక్క ఉంటుంది. మిగిలినవి ఉంటే ఇస్తారు, లేకుంటే లేదని ముఖంమీదనే చెబుతారు. లేదని చెప్పడం కూడ గొప్ప సదుపాయమే అని వంతుల కాలువ క్రింద సేద్యం చేసినవారు ఒప్పుకొంటారు.

మరియొక కొరత మిగిలినది. కావలి పెట్టిన క్షణంనుండియే చూస్తుంది. అంతకుముందు జరిగినది దానికి తెలియదు. దీనికి కూడ ఉపాయం వెదకినారు. 2009లో వచ్చిన జి.డి.బి. 7.0 సంచిక ప్రోగ్రామును వెనుకకు నడిపించడం నేర్చినది. మొజిల్లా సంస్థ 2014లో ప్రకటించిన ఆర్.ఆర్. అనే సాధనం ప్రోగ్రాము నడకనంతా నమోదు చేసి, ఎన్నిసార్లయినా అదే విధంగా తిరిగి ఆడిస్తుంది. తప్పు కనబడిన చోట నిలిచి, ఆ గడిమీద కావలి పెట్టి, కాలాన్ని వెనుకకు త్రిప్పితే, చివరిసారి ఆ గడిని తాకిన ఆజ్ఞ దగ్గర తానే ఆగుతుంది. అదే కావలి, అవే నాలుగు రిజిస్టర్లు, దిక్కు మాత్రం తిరగబడినది.

అయితే ఆ నమోదు ముందుగానే జరిగి ఉండవలెను. మన కాటాపెట్టెకు అట్టి జ్ఞాపకం లేదు. ఇరవై గళ్ళను ఇరవైయొకటి చేస్తే రేపటినుండి చీటీలు సరిగా పడతాయి. గడచిన పంటలలో ఎన్ని బండ్లకు ఎంత చిల్లర పోయినదో వెంకటసత్యనారాయణ గారు దూలానికి గుచ్చి పెట్టుకొన్న పాత చీటీలను దింపి చూచినా తెలియదు. వాటిమీద ఉన్నది సున్న పడిన తరువాతి అంకె మాత్రమే.